ఋతుసంధిలో పుష్పకైంకర్యము

కింకరుని ధర్మము కైంకర్యము. "నేనేమి చేయుదును?" అని స్వామి యెదుట చేతులు జోడించి నిలుచువాడు కింకరుడు. ఆలయమునందు అర్చకులకును పరిచారకులకును ఈ భాగ్యము నిత్యము లభించుచున్నది. గృహస్థునకు లభించిన కైంకర్యములలో సులభమైనది, ధనముతో అంతగా పని లేనిది, పిల్లలు మొదలుకొని వృద్ధుల వరకు అందరును చేయదగినది పుష్పకైంకర్యము. గీతాచార్యుడు భక్తుని వలన తాను స్వీకరించు వస్తువులుగా పత్రము, పుష్పము, ఫలము, తోయము అను నాల్గింటినే పేర్కొనినాడు. ఆలోచించి చూచినచో ఈ నాలుగును ఒక్క పెరటిలోనే లభించునవి. తులసికోటలో పత్రము, పూలపాదున పుష్పము, జామచెట్టున ఫలము, చేదబావిలో తోయము. పరమాత్మ మనలను అంగడికి పంపలేదు, పెరటిలోనికే పంపినాడు.

ఎండకాలము వెడలి, వానలు వెనుకబట్టి, శరత్తు అడుగిడు దినములలో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల పెరళ్లను చూచి సంతసింపని వారుండరు. ఆ సంతోషము కంటితోనే ముగియక కైంకర్యముగా పరిణమించుట ఎట్లో పెద్దలు చెప్పిన క్రమమున ఇచట విచారింతము.

శరత్తు అను పేరు

చైత్రవైశాఖములు వసంతము, జ్యేష్ఠాషాఢములు గ్రీష్మము, శ్రావణభాద్రపదములు వర్షర్తువు, ఆశ్వయుజకార్తికములు శరత్తు. నిరుక్తకారుడైన యాస్కుడు శరచ్ఛబ్దమునకు రెండు నిర్వచనములు చూపినాడు. ఓషధులు పక్వమగు కాలము కావున శరత్తు అనునది ఒకటి. పొంగిన నీరు తగ్గి క్షీణించు కాలము కావున శరత్తు అనునది మరియొకటి. ఈ రెండును మన కన్నుల యెదుట జరుగునవే. ఒకవైపు మక్కచేలు కంకి ముదిరి కోతకు వచ్చును. మరియొకవైపు మానేరు, గోదావరి కలక విడిచి తేటపడును. ధర్మపురిలో దక్షిణవాహినియైన గోదావరిలో స్నానమాడి శ్రీ లక్ష్మీనృసింహుని సేవించు యాత్రికులు శ్రావణపు నీటికిని కార్తికపు నీటికిని గల భేదమును చక్కగా ఎరుగుదురు.

పెరటియందును అట్లే ఒకటి ముగియుచుండగా మరియొకటి మొదలగును. చైత్రము నుండి జ్యేష్ఠము వరకు మల్లెది రాజ్యము. తొలకరి పడగానే మల్లె తగ్గి జాజికి చోటిచ్చును. జాజి తీగ శ్రావణభాద్రపదముల తడిలో విరివిగా పూచును. దానికి తోడుగా నందివర్ధనము, మందారము, శంఖపుష్పము పూయుచుండును. భాద్రపదము నుండి పారిజాతము తెల్లవారుజామున రాలుచుండును. ఆశ్వయుజమున బంతి, కార్తికమార్గశిరములలో చేమంతి వరుసగా వచ్చును.

విష్ణుసహస్రనామములలో స్వామికి "స్రగ్వీ" అనియు "వనమాలీ" అనియు నామములు కలవు. మోకాళ్ల వరకు వ్రేలాడుచు, సర్వర్తువుల పువ్వులతో ప్రకాశించు మాల వనమాల అని పెద్దలు లక్షణము చెప్పినారు. అన్ని ఋతువుల పువ్వులును ఒక్కనాడు ఏ తోటలోను లభింపవు. కాబట్టి వనమాలను ఒక్కనాట కట్టి ముగించుట ఎవరి తరమును కాదు. చైత్రమున మల్లెను, శ్రావణమున జాజిని, భాద్రపదమున పారిజాతమును, ఆశ్వయుజమున బంతిని, మార్గశిరమున చేమంతిని సమర్పించు గృహస్థుడు ఏడాది పొడుగునను ఒకే వనమాలను గ్రుచ్చుచున్నాడని భావింపవలెను. ఒక పువ్వు కాలము ముగిసినదని చింతింప నక్కర లేదు. అది మాలలో చేరినది. తరువాతి పువ్వు దారమున కెక్కవలసి యున్నది.

తోటమాలి చేయవలసిన పని

శరత్తున పువ్వు కావలెనన్నచో శ్రద్ధ ముందుగనే ఉండవలెను. ఆషాఢశ్రావణములలో బంతి విత్తనము చల్లి, మూడు నాలుగు వారముల నారును పాదులలోనికి మార్చవలెను. మొక్క జానెడు పెరిగిన పిమ్మట తల త్రుంచినచో ప్రక్కకొమ్మలు పుట్టి గుబురుగా పూచును. తల త్రుంచుట కఠినమని కొందరు వెనుదీయుదురు. త్రుంచని మొక్క నిటారుగా పెరిగి కొద్దిపాటి పువ్వులతో సరిపెట్టుకొనును. భాద్రపదపు వానలకు పాదులలో నీరు నిలిచిన వేరు కుళ్లును. కావున నీరు పోవు దారి తీయవలెను. జాజి తీగకు పందిరి సరిచేయవలెను. కార్తికము వెడలిన పిమ్మట మల్లెకు నీరు ఆపి, కొమ్మలు కత్తిరించి, కొంతకాలము విశ్రాంతి నీయవలెను. ఆ విశ్రాంతియే వసంతమున మొగ్గగా మారును.

చేమంతిని గూర్చి ఒక విశేషము చెప్పదగి యున్నది. చేమంతి పగటి వెలుగును చూచి మొగ్గ తొడుగునది కాదు. రాత్రి దీర్ఘత ననుసరించి మొగ్గ తొడుగును. సెప్టెంబరు 23వ తేదీ ప్రాంతమున రాత్రింబవళ్లు సమానమగును. అటుపిమ్మట రాత్రి పెరిగిన కొలదియు చేమంతి మొగ్గ కట్టును. వీథిదీపము క్రింద ఉంచిన చేమంతి కుండీ ఆకులతో నిండి యుండియు సకాలమున పూవక పోవుటకు కారణ మిదియే. దానికి ఎరువు చాలలేదని మరింత పేడ వేయుట వ్యర్థము. కుండీని చీకటి పడు చోటికి మార్చిన చాలును. ఎల్లవేళల వెలుగులో, జనసందడిలో ఉండువారి మనస్సులోను భక్తి మొగ్గ తొడుగుట కష్టము. కొంత నిశ్శబ్దము, కొంత ఏకాంతము కావలెను.

కోయు విధము

పువ్వు కోయుటకును మర్యాద కలదు. ఉదయమున శుచియై, భగవన్నామమును స్మరించుచు, కుడిచేతితో కోయవలెను. పురుగు తిన్నది, వెంట్రుక తగిలినది, వాసన చూచినది, వాడినది, నిన్నటిది సమర్పింపరాదు. తులసికి మాత్రము ఈ నిలువ దోషము లేదని చెప్పుదురు. ద్వాదశినాడును సంధ్యాకాలములందును తులసిని కోయరాదు. జిల్లేడు, ఉమ్మెత్త పువ్వులు శివార్చనకు తగినవే గాని విష్ణ్వర్చనకు వాడరు. మొగలి పువ్వు విషయము దీనికి విపర్యయము; అది విష్ణువునకు ప్రీతికరము, శివార్చనకు వర్జ్యము. సంప్రదాయభేదములు కొన్ని కలవు. అట్టి చోట తమ యింటి ఆచారమును, తమ ఆచార్యుని మాటను అనుసరింపవలెను.

నేల రాలిన పువ్వు పూజకు పనికిరాదని సామాన్యనియమము. దీనికి అపవాదము పారిజాతము. అది సాయంకాలము విచ్చి, రాత్రియెల్ల పరిమళించి, తెల్లవారునప్పటికి తనంతట రాలును. కొమ్మపై చేయి వేయవలసిన పని లేదు. రాత్రియే చెట్టుక్రింద అలికి ముగ్గు పెట్టి గాని, ఉతికిన వస్త్రము పరచి గాని ఉంచినచో ఉదయమునకు తెల్లని రేకులు, పగడపు కాడలు గల పువ్వులు సిద్ధముగా ఉండును. సమర్పణమున తొందర యెట్లుండవలెనో నేర్చుకొనదలచిన వారు ఆ చెట్టును చూడవలెను.

కోసిన పిమ్మట కొమ్మపై కొన్ని మిగిలి యుండవలెను. తేనెటీగకు, సీతాకోకచిలుకకు వాని భాగము కలదు. బంతి చెట్టున మంచి పువ్వులు రెండు మూడు ఎండనిచ్చినచో వచ్చు ఏటికి విత్తనము. మొత్తము దులిపి కోసిన తోట ఆ దినమున స్వామికి పెద్ద దండ యిచ్చును గాని మరునాటికి బోసిపోవును. నిత్యకైంకర్యమునకు పెద్ద దండ ముఖ్యము కాదు. విచ్ఛేదము లేకుండుట ముఖ్యము.

పొరుగు పెరటి పువ్వు

ఇక ఒక చిక్కు ప్రశ్న. తెల్లవారుజామున కొక్కెపు కఱ్ఱయు పూలబుట్టయు చేతబట్టి, పొరుగువారి ప్రహరీపై వంగిన మందారములను దింపుకొను పెద్దమనుషులు ప్రతి వాడలోను కలరు. అడిగినచో "దేవునికే గదా!" అందురు. కొందరు శాస్త్రమును గూడ చూపుదురు. పశువుల కొఱకు గడ్డి, అగ్నికార్యమునకు సమిధలు, తీగలయొక్కయు చెట్లయొక్కయు పువ్వులు తనవి వలె తెచ్చుకొనవచ్చునని గౌతమధర్మసూత్రములలో ఉన్న మాట వాస్తవమే.

అయినను ఆ మాటను పట్టుకొని పొరుగువాని గోడ ప్రాకుట న్యాయమా? అడవులును బీళ్లును విస్తారముగా నున్న కాలమున బ్రహ్మచారి సమిధలకై వెడలి దారిలో పువ్వు కోసికొనుట వేరు. ఒక వృద్ధురాలు వేసవియెల్ల బిందెతో నీరు మోసి బ్రతికించుకొన్న ఒక్క మందారమును ఆమె లేవకముందే దులుపుకొని పోవుట వేరు. ఆ పువ్వును ఆమెయు తన పూజకే పెంచినది. ఆమె అర్చనను ఖాళీ చేసి మన అర్చనను నింపుకొన్నచో స్వామికి వచ్చిన లాభమేమి? ఇరువురి పూజలును ఆయనవే గదా! అడిగి కోసినచో ఒక్క పువ్వుతో ఇద్దరికి ఫలము. అడుగక కోసినచో పది పువ్వులతోను శాంతి లేదు.

ఇది కోయువానికి చెప్పిన ధర్మము. తోట గలవానికి చెప్పవలసిన ధర్మము వేరొకటి కలదు. దానిని తిరుమలలోని ఒక పూలతోట మనకు నేర్పుచున్నది.

అనంతాళ్వారుల తోట

శ్రీరంగమున భగవద్రామానుజులు తిరువాయ్‌మొழிని శిష్యులకు ఉపదేశించుచు, తిరువేంగడమున పువ్వులతో స్వామిని అర్చించు ప్రసంగము వచ్చినప్పుడు, ఆ కొండపై నిలిచి పుష్పకైంకర్యము చేయగల వారెవరని అడిగిరట. అది వేయి సంవత్సరముల నాటి తిరుమల. దట్టమైన అడవి, చలి, వన్యమృగములు. సభ మౌనము వహించెను. అనంతాళ్వారులు లేచి నిలిచిరి. సభార్యులై కొండకు వచ్చి, నేల చదును చేసి, తోట వేసి, చెరువు త్రవ్వనారంభించిరి. గర్భవతియైన భార్య మట్టి మోయుచుండగా స్వామియే బాలుని రూపమున వచ్చి తట్ట అందుకొనెననియు, కైంకర్యమున ఇతరుల సహాయమును సహింపని ఆళ్వారులు కోపించి గునపము విసరగా అది బాలుని గడ్డమునకు తగిలెననియు, స్వామి గడ్డమున పచ్చకర్పూరము అలంకరించుట నాటినుండియే అనియు సంప్రదాయము. ఆ గునపమును తిరుమల ఆలయ మహాద్వారమున నేటికిని దర్శింపవచ్చును.

ఆ తోటను గూర్చియే మరియొక గాథ కలదు. ప్రతి రాత్రియు ఎవరో వచ్చి పువ్వులు కోసికొని పోవుచుండిరి. ఆళ్వారులు మాటు వేసి, రాజకుమారుని వలె నున్న యువకుని, ఒక యువతిని చూచిరి. యువకుడు తప్పించుకొని ఆలయమునకు అప్రదక్షిణముగా పరుగెత్తి అదృశ్యమయ్యెను. చిక్కిన యువతిని ఆళ్వారులు చెట్టునకు కట్టివేసిరి. ఉదయమున గర్భాలయమున స్వామి వక్షఃస్థలమున అమ్మవారు లేకుండుట చూచి అర్చకులు నిశ్చేష్టులైరి. రాత్రి తాను బంధించినది ఎవరినో తెలిసిన ఆళ్వారులు ఆమెను పూలబుట్టలో కూర్చుండబెట్టుకొని, కన్యాదాత వలె తెచ్చి స్వామికి సమర్పించిరి. స్వామి వారిని మామగా సంభావించెనట. తిరుమలలో వార్షిక బ్రహ్మోత్సవములు ముగిసిన మరునాడు స్వామి ఉభయదేవేరులతో అప్రదక్షిణముగా ఆ తోటకు వేంచేయు ఉత్సవము నేటికిని జరుగుచున్నది. దానికి బాగ్ సవారి అని పేరు. శరత్కాలమున జరుగు ఉత్సవములలో ఇది పూలతోటను వెదకికొని భగవంతుడే వచ్చెడి ఉత్సవము.

ఈ గాథ ఆళ్వారుల కాపలాను తప్పుపట్టుటకు చెప్పినది కాదు. స్వామి పువ్వులను కాపాడుట వారి ధర్మము. అయితే తోటలో చేయి చాచినవారు ఎవరో మనకు తెలియదని గూడ ఇది చెప్పుచున్నది. ఆ కోయుచున్నది పొరుగింటి పిల్ల కావచ్చును. ఆ పిల్లలో నున్నదెవరు? కావున వైష్ణవగృహస్థుడు రెండు నియమములను కలిపి పాటింపవలెను. తన పూజకు ఒరుల పువ్వును అడుగక కోయరాదు; ఒరుల పూజకు తన పువ్వును కాదనరాదు. మొదటిది తనకు, రెండవది ఇతరులకు. చాలమంది వీనిని తారుమారుగా పాటించుటయే వాడలోని తగవులకు మూలము.

బతుకమ్మ దినములు

మన ప్రాంతమున ఈ రెండవ నియమమునకు ఏటేట పరీక్ష జరుగును. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై ఆశ్వయుజ శుద్ధాష్టమి సద్దుల బతుకమ్మ వరకు తొమ్మిది దినములు వాడవాడలను పువ్వు కావలెను. వేములవాడలో ఏడవనాడే సద్దులు చేయు ఆచారము కలదు. గునుగు, తంగేడు, బంతి, కట్లపూలు, పట్టుకుచ్చు, గుమ్మడి పువ్వు, గుమ్మడి ఆకు అన్నియు తాంబాళములో వలయములుగా పేర్చబడి శిఖరము కట్టును. ఇచట పువ్వు దేవతకు అర్పింపబడునది మాత్రమే కాదు; పేర్చిన పువ్వే దేవత. ముందునాడు కోసి నీట నుంచిన పువ్వులతో పేర్చుట వలన మొదటిదినమునకు ఎంగిలిపూల పేరు వచ్చినదని ఒక వివరణము కలదు. 2014లో ఈ పండుగ తెలంగాణ రాష్ట్ర పండుగ అయినది. తంగేడు రాష్ట్రపుష్పము అయినది.

పెరటిలో బంతి, గుమ్మడి గలవారు ఆ దినములలో తలుపు తెరచి ఉంచవలెను. ఈ పండుగకు కావలసిన గునుగు ఎవరును విత్తినది కాదు. చల్క చేలగట్లపై వానలకు తనంతట మొలచునది. గడ్డిమందులు చల్లిన చేలలో అది మొలవదు. బీళ్లు ప్లాట్లయిన చోట తంగేడు నిలువదు. నాడు చేతికందినంత దూరములో దొరికిన పువ్వు నేడు జగిత్యాల, కోరుట్ల అంగళ్లలో కట్టలుగా అమ్మకమునకు వచ్చుచున్నది. తన పొలము గట్టున నాలుగు గునుగు మొక్కలను ముదిరి గింజ రాల్చువరకు ఉంచిన రైతు గూడ పుష్పకైంకర్యము చేసినవాడే అగును.

నిర్మాల్యము

అర్పించిన పువ్వు నిర్మాల్యము. దానిని పాదముల క్రిందను మురికికాలువలోను వేయరాదు. ప్లాస్టిక్ సంచిలో కట్టి గోదావరిలోనో, కాకతీయ కాలువలోనో విసరుట ఆచారము కాదు, అపచారము. తిరుమలలో స్వామికి అలంకరించిన పువ్వులను భక్తుల కీయక పూలబావిలో వేయు సంప్రదాయముండెడిది. దేవస్థానము 2021 నుండి స్వామి ఆలయములలో వినియోగించిన పువ్వులతో అగరువత్తులను తయారు చేయించుచున్నది. ఇంటివారు పెరటిమూల ఒక చిన్న గుంట త్రవ్వి నిర్మాల్యము నందు వేసి మన్ను కప్పిన చాలును. కొన్ని మాసములకు అది ఎరువగును. స్వామిని సేవించిన పువ్వు మరల వేరుచేరి మరియొక పువ్వగును.

పెరడు లేనివారి మాట

"మాకు పెరడు ఎక్కడిది?" అని సిరిసిల్ల సందులలో వసించువారు అడుగవచ్చును. మగ్గములకే చోటు చాలని ఇండ్లు అనేకములు. వారు ఒక కుండీలో తులసిని, ఒక పాత డబ్బాలో నందివర్ధనమును పెంచిన చాలును. నందివర్ధనము ఏడాది పొడుగునను పూచును. ఋతుసంధులలో మరేమియు లేనినాడు ఆదుకొనును. ఏ పువ్వును లేనినాడు తులసిదళము ఒక్కటి చాలును.

ఇక తులసికుండీ గూడ లేనివారు కలరు. ఈ మూడు పట్టణముల నుండియు చుట్టుప్రక్కల పల్లెల నుండియు ఎందరో దుబాయి, మస్కటు మున్నగు చోట్లకు జీవనోపాధికై వెడలినారు. వారి పెరళ్లకు ఇచట తల్లులును భార్యలును నీరు పోయుచున్నారు. ఎడారిలో ఒక గదిలో పదిమందితో నివసించువాడు ఏ పువ్వు కోయగలడు? అట్టివారిని గూర్చియే కాబోలు పెద్దలు అష్టపుష్పములను చెప్పినారు. అహింస, ఇంద్రియనిగ్రహము, సర్వభూతదయ, క్షమ, శాంతి, తపస్సు, ధ్యానము, సత్యము అను ఈ ఎనిమిదియు విష్ణుప్రీతికరములైన పువ్వులు. వీనికి ఋతువు లేదు, నేల అక్కర లేదు. పెరడు గలవారు గూడ వీనిని విడువరాదు. సత్యము లేని చేతితో వేసిన బంతిదండ నూలుదారమునకే భారము.

సుమనస్సు

అమరకోశమును వల్లెవేసిన వారికి ఒక మాట స్ఫురింపక మానదు. అమరసింహుడు దేవతలను చెప్పుచు "సుమనస్సులు" అనినాడు. వనౌషధివర్గమున ఈ ఋతువునకు చెందిన జాజికిని సుమనస్సు అనియే పేరిచ్చినాడు. పువ్వునకు సామాన్యముగను ఆ పేరు కలదు. మంచి మనస్సునకు వేరుగా చెప్ప నక్కర లేదు. పువ్వు, దేవత, మంచి మనస్సు - మూడింటికి మన భాషలో ఒక్క పదము. మొదటిది రెండవవారికి చేరవలెనన్నచో నడుమ మూడవది ఉండి తీరవలెను.

భాగవతమున మథురానగరమున సుదాముడను మాలాకారుని ఇంటికి రామకృష్ణులు పిలువకయే వెడలిరి. ఆతడు సుగంధపుష్పమాలలతో వారిని అలంకరించెను. వరము కోరుమనగా ధనమును అడుగలేదు. స్వామియందు చలింపని భక్తిని, స్వామిభక్తులయెడ స్నేహమును, సమస్తభూతములయెడ దయను అడిగెను. పూలతోట గలవాడు కోరదగిన కోరికలు ఈ మూడే. పెరటిలో పూచిన పువ్వు భక్తిగా స్వామి పాదములను చేరవలెను. స్నేహముగా పొరుగింటి గడప దాటవలెను. దయగా తేనెటీగకు కొంత మిగులవలెను. ఈ శరత్తున మన పెరళ్లలో జాజి, పారిజాతము, బంతి ఆ విధముగా మూడు దారులను నడచునట్లు శ్రియఃపతి అనుగ్రహించుగాక!

శుభం భూయాత్.